అత్తగారు, ఐరన్ మెయిడెన్, అర్ధరాత్రి ఆట

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. తిరుపతిలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో అన్నయ్య తెచ్చిన సీడీల వల్ల నాకు రెండు పిచ్చులు పట్టుకున్నాయి. ఒకటి రాక్ సంగీతం, రెండోది పాత కంప్యూటర్ రోల్ ప్లేయింగ్ గేమ్స్. 2007లో ఐరన్ మెయిడెన్ రాక్ బృందం బెంగళూరు వస్తే నాన్న పంపలేదు. ఆ కోరిక అలాగే ఉండిపోయింది. ఇప్పుడు రాత్రి అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వింటాను, లేదంటే బాల్డర్స్ గేట్ ఆడతాను. మావారికి తెలుసు, ఏమీ అనరు. మొన్న అత్తగారు నీళ్ల కోసం లేచి చూసి ‘ఈ వయసులో ఈ దయ్యాల బొమ్మలేంటమ్మా’ అన్నారు. 13 ఏళ్ల మా అబ్బాయి ఫోన్లో గేమ్ ఆడుతుంటే నేనే తిడతాను. వాడు ‘నువ్వు మాత్రం ఆడొచ్చా?’ అంటే నోరు పెగల్లేదు. ఇవన్నీ మానేయాలా? ఒక్కసారైనా పెద్ద కచేరీకి వెళ్లాలని ఉంది, కానీ తోడు వచ్చేవాళ్లు లేరు. ఒక్కదాన్నే వెళ్లొచ్చా? – ఎస్., తిరుపతి

సమాధానం:

ఎస్. గారూ, మానేయక్కర్లేదు. ముందే చెప్పేస్తున్నాను, మిగతాది టెన్షన్ లేకుండా చదువుకోండి.

మీ ఉత్తరంలో నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన మాట ‘అందరూ పడుకున్నాక’ అన్నది. పొద్దున వంట, పగలంతా ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు, సాయంత్రం పిల్లాడి చదువు. ఇన్ని చూసుకునే మనిషి తన సొంత లాప్‌టాప్‌లో ఒక ఆట ఆడుకోవడానికి ఇల్లంతా నిద్రపోయేదాకా కాచుకోవాలా? చాటుగా చేసేది ఏదైనా చూసేవాళ్లకి తప్పులాగే కనిపిస్తుంది. కొన్నాళ్లకి చేసేవాళ్లకీ అలాగే అనిపిస్తుంది. అత్తగారి వైపు నుంచి ఒకసారి చూడండి. నీళ్లకని లేస్తే చీకటి హాల్లో నీలం వెలుగు పడ్డ కోడలి మొహం, ఎదురుగా తెర మీద కత్తి పట్టుకున్న ఎముకల గూడు. ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఆవిడ అన్న మాటలో సగం ఆ ఉలికిపాటే. అదే బొమ్మ సాయంత్రం ఏడింటికి లైట్లన్నీ వెలుగుతుండగా చూసి ఉంటే ‘ఏంటమ్మా అది’ అని అడిగి, సీరియల్‌కి టైమైందని వెళ్లిపోయేవారు.

అందుకని ఆటని రాత్రి నుంచి సాయంత్రానికి మార్చండి. వారంలో రెండు సాయంత్రాలు మీవని ఇంట్లో చెప్పండి. అనుమతి అడుగుతున్నట్టు వద్దు, కబురు చెప్పినట్టు చెప్పండి. మీవారు క్రికెట్ చూడ్డానికి ఎవర్ని అడుగుతున్నారు? (ఆయన క్రికెట్ చూడరేమో. ఏదో ఒకటి చూస్తారు లెండి.) రాత్రి నిద్ర కూడా మిగులుతుంది. ‘ఈ ఒక్క గది చూసేసి పడుకుందాం’ అనుకుంటే తెల్లవారుజామున మూడు కొట్టడం ఈ ఆటల్లో అందరికీ జరిగేదే.

మీ అబ్బాయి ప్రశ్న మాత్రం అత్తగారి మాట కన్నా గట్టిది. ఎదురు మాట్లాడాడని కొట్టిపారేయకండి, అందులో న్యాయం ఉంది. ‘నాది క్లాసిక్, నీది చెత్త’ అంటే వాడు నమ్మడు. నమ్మాల్సిన పని కూడా లేదు. తేడా వేరే చోట ఉంది, అది వాడికి అర్థమయ్యేదే. మీ బాల్డర్స్ గేట్ 1998లో ఐదు సీడీల మీద వచ్చింది. ఒకసారి కొంటే అంతే, డబ్బు లెక్క అక్కడితో సరి. దానికి ఒక ముగింపు ఉంది. రేపు మీరు ఆడకపోతే ఎవరికీ నష్టం లేదు. వాడి ఫోన్లో గేమ్ ఉచితమే కానీ, వాడు రేపు మళ్లీ వస్తేనే దాన్ని తయారుచేసినవాళ్లకి గిట్టుబాటు. అందుకే రోజూ లాగిన్ అయితే బహుమతి, ఈ రాత్రితో అయిపోయే ఆఫరు, డైమండ్లు, డ్రెస్సులు. ఒక ఆదివారం వాడి పక్కన కూర్చుని ఆ గేమ్ మొదటి తెర మీద డబ్బు అడిగే బటన్లు ఎన్ని ఉన్నాయో వాడి చేతే లెక్కపెట్టించండి. తిట్టకుండా. మీ వృత్తే లెక్కలు చూడటం కదా.

ఆ తర్వాత వాణ్ణి మీ ఆటలోకి పిలవండి. నా సలహా ఏమిటంటే, ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రం దగ్గర మొదలుపెట్టండి. మీకు గుర్తుండే ఉంటుంది. ఊరు దాటి వచ్చి, హమ్మయ్య ఇక్కడ క్షేమంగా పడుకోవచ్చు అనుకుంటుంటే, మెట్ల మీదే తార్నెష్ అనే మాంత్రికుడు కాచుకుని ఉంటాడు. పలకరిస్తాడు, పేరు కనుక్కుంటాడు, మంత్రం మొదలుపెట్టేస్తాడు. తన చుట్టూ తనలాంటి ప్రతిబింబాలు పుట్టిస్తాడు, కొట్టిన దెబ్బ వాటికి తగులుతుంది. తర్వాత హారర్ మంత్రం వేస్తే మన వాళ్లంతా మాట వినకుండా చెల్లాచెదురై పరిగెడతారు. మొదటి లెవెల్‌లో మన మాంత్రికుడి ప్రాణం నాలుగు పాయింట్లు, ఒక బాణం చాలు. రోజుకి ఒక్క మంత్రం, అది వాడేస్తే మళ్లీ నిద్రపోయి లేవాలి. అక్కడ స్పేస్ బార్ నొక్కి ఆట ఆపి, ‘ఇప్పుడేం చేద్దాం చెప్పు’ అని వాణ్ణి అడగండి. మనతో వచ్చే ఇమోయెన్ అనే అమ్మాయి సంచిలో మ్యాజిక్ మిస్సైల్ అనే మంత్రదండం ఉందని చెప్పకండి, వాడే వెతుక్కోనివ్వండి. రెండు మూడు సార్లు చచ్చాక కనిపెడతాడు. ఆ ఆగిన తెర ముందు పది నిమిషాలు తల్లీకొడుకులు వాదించుకోవడంలో ఉన్న మజా ఏ ఫోన్ గేమ్‌లోనూ లేదు. ఇది నా పక్షపాతం, ఒప్పుకుంటాను.

ఆ ఆటలో ఆర్మర్ క్లాస్ అని దెబ్బల నుంచి కాపుకి ఒక అంకె ఉంటుంది, అది ఎంత తక్కువైతే అంత రక్షణ. మైనస్ అంకె వస్తే సంబరపడాలి. ఆడిటర్ ఆఫీసు మనిషికి ఇది మింగుడు పడటానికి ఎంత కాలం పట్టిందో రాయాల్సింది.

అబ్బాయితో ఆడటానికి ఇంకొకటి చెబుతాను, బొమ్మలు చూసి వాడు నవ్వినా సరే. 1985లో రిచర్డ్ గారియట్ చేసిన అల్టిమా 4. గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఉచితంగా దొరుకుతుంది. చివర్లో చంపాల్సిన రాక్షసరాజు లేడు అందులో. నిజాయితీ, దయ, వినయం లాంటి ఎనిమిది గుణాల్లో మనిషి పరిణతి సాధించాలి, ఆటంటే అదే. మూలికలు అమ్మే ఒక గుడ్డి మనిషి ఉంటుంది. సరుకు తీసుకున్నాక డబ్బు మనమే లెక్కపెట్టి ఇవ్వాలి. తక్కువ ఇచ్చినా ఆవిడకి తెలీదు, ఆట కూడా అప్పటికి ఏమీ అనదు. మీ వాడు తక్కువే ఇస్తాడు, పందెం. ఎన్నో గంటలు ఆడి, కోటలో ఉన్న జ్ఞాని దగ్గరికి వెళ్లి నా గుణాలెలా ఉన్నాయని అడిగినప్పుడు బయటపడుతుంది. మీరు అప్పటిదాకా నోరు మెదపకుండా ఉండగలిగితే చాలు.

ఫాలౌట్ 2 మాత్రం వాడికి ఇప్పుడే వద్దు. మత్తుమందులు, వ్యభిచారం అన్నీ ఉంటాయి. 1999లో వచ్చిన ప్లేన్‌స్కేప్ టార్మెంట్ వాడికి విసుగు, అది ఆడటం కన్నా చదవడమే ఎక్కువ. అది మీ ఒక్కరి సాయంత్రాలకి ఉంచుకోండి. ఆడేటప్పుడు రాక్ పాటలు పెట్టకండి. ఆ ఆటకి మార్క్ మోర్గాన్ ఇచ్చిన సంగీతం వింటేనే ఆ ఊరు ఊరులా అనిపిస్తుంది. రెండు ఇష్టాలూ ఒకేసారి తీర్చుకోవాలంటే రెండూ పాడవుతాయి.

ఇక అత్తగారు. ‘ఈ వయసులో వేషాలేంటి’ అనే మాట తిరుపతిలో ఎవరన్నా నాకు నవ్వొస్తుంది. ఏటా మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే ఊళ్లో జరిగేదేమిటి? నడివయసు మగవాళ్లు చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. ఒక రోజు బైరాగి వేషం, ఇంకో రోజు బండ వేషం, మరో రోజు దొర వేషం. బండ వేషం వేసినవాళ్లు నోటికొచ్చిన బూతు తిడితే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ మనిషే జాతరయ్యాక కొట్లో కూర్చుని ‘ఏం కావాలి సార్’ అంటాడు. పాలెగాణ్ణి వెతుక్కుంటూ అమ్మవారు రోజుకో వేషం మార్చిందనీ, దొర వేషంలో వచ్చేసరికి వాడు దాక్కున్న చోటు నుంచి బయటపడి దొరికిపోయాడనీ కథ. మీ ఆట కూడా ఇంచుమించు ఇదే. ఒక వేషం ఎంచుకోవడం, ఊరూరా తిరిగి శత్రువు జాడ కనుక్కోవడం, ఆ వేషంలో ఉండగా మామూలుగా అనని మాటలు అనడం. అత్తగారికి ఈ దారిన చెప్పి చూడండి. నేను హామీ ఇవ్వను, కానీ ‘కంప్యూటర్లో దయ్యాలు’ అనే మాట కన్నా ఇది ఆవిడకి దగ్గర.

పాటల విషయంలో ఆవిడకి నచ్చేలా చేయాలని ప్రయత్నించకండి. అదో కష్టం, ఆవిడకి అదో బాధ. ఎప్పుడైనా ఆ గోలేంటని అడిగితే మాండొలిన్ శ్రీనివాస్ పేరు ఎత్తండి. పాలకొల్లులో పుట్టి ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తనలు పలికించిన ఆయనే, గిటార్ వాయించే జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో ప్రపంచమంతా వాయించారు. కరెంటు తగిలిన తీగల్లోనూ గమకం పలుకుతుందని తెలిసిన ఇల్లయితే చాలు. బెంగళూరు బృందం అగమ్ పాటొకటి పెట్టండి, కర్ణాటక రాగం, డ్రమ్స్, గిటార్ కలిసి వస్తాయి. అంతకు మించి వద్దు. ఐరన్ మెయిడెన్ పోస్టరు మీది ఎడ్డీ మొహం పూజ గది ఎదురుగా తగిలించకపోతే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది. ఆ పుర్రె బొమ్మ వెనక ఉన్న బృందమే 1984లో పదమూడు నిమిషాలు దాటిన ఒక పాట చేసింది. అది 1798లో అచ్చయిన కోల్‌రిడ్జ్ కావ్యానికి పాటరూపం, ఎం.ఏ. ఇంగ్లిష్ చదివేవాళ్లు పరీక్ష కోసం బట్టీ పట్టే ముసలి నావికుడి కథ.

మీ రెండు పిచ్చులు ఒకే ఇంట్లో పుట్టినవని మీకెప్పుడైనా తట్టిందా? 1969లో లెడ్ జెపెలిన్ తమ పాటలో మోర్డోర్‌నీ, గొల్లమ్‌నీ పేరు పెట్టి పిలిచారు. టోల్కిన్ నవలల్లోని పేర్లవి. ఐదేళ్ల తర్వాత, 1974లో, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట తెచ్చారు. అందులో మొదట టోల్కిన్ కథల్లోని పొట్టి మనుషులు హాబిట్లే ఉండేవారు, టోల్కిన్ హక్కుదారుల గొడవతో హాఫ్‌లింగ్‌లయ్యారు. మీ బాల్డర్స్ గేట్ ఆ డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల మీదే నడుస్తుంది. ఇటు జర్మనీ మెటల్ బృందం బ్లైండ్ గార్డియన్ 1998లో టోల్కిన్ కథలతోనే ఒక ఆల్బమ్ చేసింది. పదేళ్లకి శాక్రెడ్ 2 అనే రోల్ ప్లేయింగ్ గేమ్‌లో వాళ్లు పాత్రలుగా వచ్చారు. వాళ్లు పోగొట్టుకున్న వాయిద్యాలని మనం వెతికి తెచ్చిస్తే, ఆ ఆట లోకంలోనే వేదికెక్కి కచేరీ చేస్తారు. కత్తీ డాలూ పట్టుకున్న మన పాత్ర జనంలో నిలబడి వినడం, భలే తమాషాగా ఉంటుంది. డయాబ్లో మొదటి ఆటలో ట్రిస్ట్రమ్ ఊరి సంగీతం గుర్తుందా? మ్యాట్ ఉల్మెన్ పన్నెండు తీగల గిటార్ మీద వాయించినది. గిటార్ ఇష్టమై ఆటల్లోకి వచ్చినవాళ్లు, ఆటల వల్ల గిటార్ వినడం మొదలుపెట్టినవాళ్లు ఇద్దరూ ఉన్నారు. మీరు వింత మనిషి కారు.

ఇప్పుడు కచేరీ. 2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగినదాన్ని ఎవరూ తిరిగి తేలేరు. దాని బదులు ఇంకోటి తీర్చుకోవచ్చు. ఒక్కరే వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు. మొదటిసారే యాభై వేల జనం ఉండే మైదానానికి వద్దు. జనవరిలో మద్రాస్ ఐఐటీ సారంగ్ ఉత్సవంలో రాత్రి కచేరీలుంటాయి, మనకి చెన్నై దగ్గర, ప్రాంగణం భద్రం. అది అలవాటయ్యాక బెంగళూరు. జనవరి మీ ఆఫీసుకీ కాస్త నయం. మార్చి చివర్లోనో, ట్యాక్స్ ఆడిట్ల సెప్టెంబరులోనో టికెట్ కొనేసి తర్వాత బాధపడకండి.

బెంగళూరు అయితే ఒక మంచి సంగతి. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్లు ఆపాలి, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. అందుకే ఇక్కడి కచేరీలు చాలావరకు పదింటికల్లా ముగుస్తాయి. అభిమానులు దీన్ని తిట్టుకుంటారు కానీ, తిరుపతి తిరిగి రావాల్సినవాళ్లకి వరం. కోలారు, ములబాగల్, పలమనేరు, చిత్తూరు మీదుగా తెల్లవారేసరికి ఇల్లు చేరొచ్చు. అయినా ఒంటరిగా వెళ్తున్నారు కాబట్టి ఆ రాత్రి అక్కడే చుట్టాలింట్లోనో లాడ్జిలోనో ఉండి పొద్దున బస్సెక్కమంటాను. పాతికవేల మంది ఒకేసారి బయటికొస్తే ఆటో దొరకడమే ఒక యుద్ధం.

టికెట్ అధికారికంగా అమ్మే చోటే కొనండి, వాట్సాప్‌లో ‘ఎక్స్‌ట్రా టికెట్ ఉంది’ అనేవాళ్ల జోలికి పోకండి. కచేరీ ఒక్కదాని మీదే ప్రయాణమంతా కట్టుకోవద్దు కూడా. 2011 అక్టోబరు 28న గుర్‌గావ్‌లో మెటాలికా కచేరీ అదే రోజు రద్దయింది, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు గేటు దగ్గర మిగిలారు. రెండు రోజులకి బెంగళూరులో మాత్రం జరిగింది. బెంగళూరులో చూడాల్సిన స్నేహితురాలో, కొనాల్సిన చీరో ఇంకేదైనా పని పెట్టుకుని వెళ్లండి.

మైదానంలో అందరూ వేదిక ముందుకి తోసుకుపోతారు. మీరు వెనక్కి రండి. జనం మధ్యలో చిన్న పందిరి కింద సౌండ్ ఇంజనీరు బల్ల పెట్టుకుని కూర్చుంటాడు. శబ్దం ఎలా వినపడాలో అతను సరిచేసుకునేది అతని చెవులతోనే కాబట్టి, ఆ పక్కన నిలబడితే మీకూ అదే వినిపిస్తుంది. వెనక ఆనుకోవడానికి కంచె కూడా ఉంటుంది. బూట్లు వేసుకెళ్లండి, చెప్పులు వద్దు.

చెవుల సంగతి మాత్రం ఇంతకన్నా సీరియస్‌గా తీసుకోండి. 85 డెసిబెళ్ల శబ్దాన్ని ఎనిమిది గంటలు తట్టుకోవచ్చని లెక్క. మూడు డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు, రాక్ కచేరీలో శబ్దం రెండు గంటలపాటు ఆ 100కి పైనే ఉంటుంది. మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు బ్యాగులో వేసుకోండి. వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. ఊరికే దూర్చితే పనిచేయదు. పాట కొంచెం మందంగా వినిపిస్తుంది, అంతే. మర్నాటికి కూడా చెవిలో గుయ్యిమంటూ ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. ఇంట్లో రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌కీ ఇదే లెక్క వర్తిస్తుంది. సాయంత్రం స్పీకర్లో వినడం మొదలుపెడితే వాల్యూమ్ దానంతటదే తగ్గుతుంది, అత్తగారున్నారు కదా.

తోడు లేరన్నారు. మీ అన్నయ్య ఏమయ్యారు? ఈ పిచ్చి అంటించింది ఆయనే, ఉత్తరంలో మొదటి వాక్యాల్లో వచ్చి మాయమైపోయారు. ఎక్కడున్నా ఫోన్ చేసి, ‘తార్నెష్ దగ్గర మా వాడు చచ్చాడు’ అని చెప్పండి. కచేరీకి ఆయన్నే రమ్మనండి. మీవారిని బలవంతంగా లాక్కెళ్లకండి, ఇష్టం లేని మనిషి పక్కన నిలబడి గడియారం చూస్తుంటే మీకూ మనసు ఉండదు.

పాత సీడీలు ఇంకా అటక మీద ఉంటే దాచుకోండి కానీ, ఇప్పటి విండోస్‌లో వాటితో కుస్తీ పట్టకండి. 2012లో వచ్చిన బాల్డర్స్ గేట్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ మామూలు లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, సేల్ పెట్టినప్పుడు చవగ్గా వస్తుంది. ఆ లాప్‌టాప్ ఆఫీసువాళ్లు ఇచ్చినది మాత్రం కాకూడదు. క్లయింట్ల లెక్కలున్న మెషిన్‌లో ఆట దొరికిందంటే అప్పుడు అత్తగారు కాదు, మీ ఆడిటర్ గారే అడుగుతారు.